కొసరు గంటలు

ఆ రోజుల్లో బరంపురంలో మెటలర్జీ డిప్లొమా చదివినవాడంటే చుట్టాలకి ఎంత నమ్మకమంటే, పెళ్లిలో చదివించిన గిన్నె ఇత్తడో కంచో చెప్పమని ఇంటికి పట్టుకొచ్చేవారు. నేనూ గోటితో గీకి, పెదవి విరిచి, ఏదో ఒకటి చెప్పి పంపేవాణ్ణి. ఆ గౌరవం తలకెక్కించుకునే, ఊరి చివర ఒక షావుకారి ఫర్నేసు షెడ్డులో చేరాను. ఆరు నెలలు టెంపరరీ, నచ్చితే పర్మనెంటు కాయితం. ఆ కాయితం వచ్చేసినట్టేనని నాన్న ఆ ఏడే కౌలు పొలం వదిలేశాడు (నేనే వదిలించాను).

మా పని ఏమిటంటే, గోపాల్‌పూర్ పడవల్లో ఇంజన్ని చల్లబరిచే నీటి పంపుల్లో తిరిగే క్రోమియం ఉక్కు గొట్టాలు ఇసుక నీళ్లకి అరిగిపోకుండా చూడటం. పెట్టెలో బోరాన్ పొడి పోసి, గొట్టాలు అందులో పాతి, మూత చుట్టూ మట్టి మెత్తి ఎర్రగా కాలిస్తే ఉక్కు ఒంటిమీద గట్టి పొర ఒకటి పెరుగుతుంది. ఆరు గంటలు చాలు. ఆపైన ఎంత కాల్చినా పొర నత్తలా పెరుగుతుంది, పెళుసు మాత్రం గబగబా ఎక్కుతుంది. ఈ సంగతి నాకు పుస్తకం చెప్పింది. ఇరవయ్యేళ్లుగా ఫర్నేసు ముందు నిలబడ్డ మావకి (షెడ్డులో అందరికీ ఆయన మావే) అనుభవం చెప్పింది.

షావుకారిది తాతల నాటి ధాన్యం కొట్టు. తూకమయ్యాక దోసెడు కొసరు వెయ్యనిదే సంచి మూతి కట్టని వంశం. ఒడియాలో మెచ్చుకుని తెలుగులో తిట్టే ఆ మనిషి ఓ రోజు షెడ్డుకొచ్చి, "ఆరు గంటలకి ఇంకో నాలుగు గంటలు కొసరెయ్యండి. కొసరు లేకండా మా సరుకు బైటికెల్లదు," అన్నాడు.

మావ తల గోక్కున్నాడు. "అలగ కాలిస్తే పెచ్చులూడిపోతాది బాబూ. మీరు సదివినోరు, ఓ మాట సెప్పండి," అని నా వైపు తిరిగాడు. షావుకారూ తిరిగాడు. కాయితానికి ఇంకా ఇరవై రోజులుంది. "పెద్దవారు చెప్పారు కదా, గట్టిగానే ఉంటుందండి," అన్నాను (ఏది గట్టిగా ఉంటుందో మాత్రం చెప్పలేదు).

రెండు వారాలు తిరక్కుండానే గోపాల్‌పూర్ పడవ యజమాని ఒక గొట్టాన్ని తువ్వాల్లో చుట్టుకొచ్చి బల్లమీద విప్పాడు. "ఏటండి ఇది? గుడ్డు పెంకులాగ రాలిపోనాది! నడి సంద్రంలో ఇంజను ఆగిపోతే నలుగురం తెడ్లేసుకుని ఒడ్డుకొచ్చినాం!"

షావుకారు తడుముకోలేదు. "ఎవరు కాల్చేరిది?" అన్నాడు.

కాల్చింది మావే. అది నిజం కాబట్టి నేను కల్పించుకోనక్కర్లేదని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. ఆ సాయంత్రమే ఆయన్ని మానిపించేశారు. గేటు దగ్గర ఎదురుపడితే తిడతాడేమోనని భయపడ్డాను. తిట్టినా బాగుండేది. "మీరు తలొంచుకుంతారేటి బాబూ? మీకు కాయితం రావాల కదా, నాకు తెల్దా?" అని టిఫిన్ డబ్బా చంకన పెట్టుకుని వెళ్లిపోయాడు. ఆ సిగ్గు నాకు ఈనాటికీ పోలేదు.

కాయితం చెప్పిన రోజుకే వచ్చింది. ఇంట్లో పాయసం వండారు, రెండుసార్లు వడ్డించుకున్నాను. రిటైరయ్యేదాకా ఆ షెడ్డులోనే ఉన్నాను. వీడ్కోలు సభలో షావుకారి కొడుకు నాకు శాలువా కప్పి, "ఈయన సర్వీసంతా ఒక్కనాడు కూడా మాకు ఎదురు చెప్పలేదు," అని మెచ్చుకున్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. ముసలి మొహాన నవ్వు పులుముకుని నేనూ కొట్టాను.