గని ఊట, చెల్లి మాత్రలు

రాయ్‌పూర్ రాజధాని అయిన కొత్తలో నేను డిగ్రీ రెండో సంవత్సరం, చెల్లి తొమ్మిదో తరగతి. చెల్లికి మూర్ఛ. మాత్రలు వాడుతున్నా రెండు మూడు నెలలకోసారి వచ్చేది. నాన్న రైల్వే గార్డు. సగం రోజులు బండి మీదే. స్నానాల గదిలో చెంబు పడిన చప్పుడైతే పరిగెత్తేది అమ్మా, నేనూ.

మందిర్ హసౌద్ అవతల పాడుబడ్డ రాతి గనిలో ఊట పుట్టిందనీ, ఆ నీళ్లకు మొండి రోగాలు పోతున్నాయనీ మా రైల్వే కాలనీలో మాట పాకింది. ఒక మంగళవారం అమ్మ మమ్మల్నిద్దరినీ టెంపోలో తీసుకెళ్లింది. బండల మధ్య సన్నగా కారుతున్న నీటి పక్కన ముసలి బైగా కూర్చున్నాడు. ఆ చుట్టుపక్కల మంత్రమూ ఆయనదే, వైద్యమూ ఆయనదే. చెల్లి నెత్తిన నీళ్లు చల్లి, "గోలీ బంద్ కరో. గ్యారహ్ హఫ్తా సిర్ఫ్ పానీ," అన్నాడు.

దారంతా నేను అమ్మతో గొడవపడ్డాను.

"నాలుగేళ్ల నుంచి మింగతంది, ఏటి తగ్గింది? పదకొండు వారాలు ఆపితే ఏటైపోద్ది?" అంది అమ్మ. ఇంటికి రాగానే మాత్రలు బీరువాలో పెట్టి తాళం వేసింది.

మర్నాడు డాక్టరు చీటీ తీసుకుని శంకర్ నగర్‌లో అవే మాత్రలు కొన్నాను. రోజూ పొద్దున జడ వేస్తూ చెల్లి నోట్లో ఒకటి వేసేదాన్ని. అది మారుమాట లేకుండా మింగేది. దానికీ భయమే.

ఆ పదకొండు వారాలూ నాకు కుదురు లేదు. పాఠం బుర్రకెక్కేది కాదు. అమ్మ మామూలుగా పిలిచినా దొరికిపోయాననుకునేదాన్ని. మూర్ఛ మాత్రం ఒక్కసారీ రాలేదు.

అమ్మ ఆ సంగతి కాలనీ అంతా చెప్పింది. పక్క క్వార్టర్ ఆంటీకి షుగర్. ఆవిడ కూడా మాత్రలు మానేసి ఊట నీళ్లు మొదలుపెట్టింది. చెల్లికి తగ్గింది ఒట్టి నీళ్లతో కాదని నాకు తెలుసు. ఇవాళ చెబుదాం, రేపు చెబుదాం అని వాళ్ల గుమ్మం దాకా వెళ్లి వెనక్కి వచ్చేదాన్ని. మూడు వారాలు గడిచాక ఒక మధ్యాహ్నం బట్టలు ఆరేస్తూ ఆవిడ కుప్పకూలింది.

ఆవిడను ఆస్పత్రిలో చేర్చి వచ్చాక అమ్మకు అంతా చెప్పేశాను.

"రోజూ ఏసినావా?"

"రోజూ."

అమ్మ లేచి చీర మార్చుకుంది. "నడు. ఆవిడికి నానే సెప్తాను. ఊరంతా సెప్పింది నాను గదా."

ఆస్పత్రి మంచం పక్కన నిలబడి, తడబడకుండా చెప్పింది కూడా. "వదినా, మా పిల్ల మాత్తర్లు ఆపనేదు. నాకు తెలీకండా మింగింది. నువ్వు నీ దవాయి మానకు."

ఆంటీ కోపగించుకోలేదు. నీరసంగా నా వైపు చూసింది. "మాత్తర్ల వల్లే అయితే ముందెందుకొచ్చీది? అప్పుడూ మింగీదే గదమ్మా?"

అప్పుడూ మింగేది, నిజమే. అప్పుడు వచ్చేది, అదీ నిజమే.

ఆవిడ వారంలో కోలుకుని ఇంటికొచ్చింది. నాన్నకు బదిలీ అయ్యేదాకా, కాలేజీకి వెళుతూ రోజూ ఆగి అడిగేదాన్ని, "గోలీ వేసుకున్నారా ఆంటీ?" అని. ఒకరోజు తలూపేది. ఒకరోజు వినపడనట్టు లోపలికి వెళ్లిపోయేది.