నేను సర్టిఫై చేసిన పొగ

ఒక శనివారం మధ్యాహ్నం దుబాయ్‌లో పద్నాలుగు అంతస్తుల భవనాన్ని మెట్ల మీదుగా ఖాళీ చేయించిన ఘనత నా ముక్కుది. స్నానం మధ్యలో సబ్బు నురగతో దిగివచ్చిన ఒక పెద్దమనిషి దీనికి సాక్షి.

అప్పట్లో నేను జెబెల్ అలీలో మసాలాల ఫ్యాక్టరీలో క్వాలిటీ ఇంజనీర్ని. వాసన చూసి సంతకం పెట్టడం నా ఉద్యోగం. ల్యాబ్ ఇన్‌చార్జి కుర్చీ ఖాళీ అయింది. మా మేనేజర్ మూర్తిగారిది కాకినాడ. "శనివారం భోజనానికి రావయ్యా. మంచి విస్కీ ఉంది. నీ ముక్కు ఏపాటిదో చూద్దాం" అన్నారు.

సీసా వివరాలు ముందే కనుక్కున్నాను. బురదనేలల్లో తవ్వితీసే పీట్ అనే మట్టి పొగను బార్లీకి బాగా పట్టించి, చివర్లో తీపి వైన్ పీపాల్లో నిలవ ఉంచిన సరుకు. నేనుండేది షార్జా అల్ నహ్దాలో. అక్కడ మందు నిషేధం. కాబట్టి కళ్లకు గంతలు కట్టుకుని మూడింటి వాసనలతో సాధన చేశాను: ఒకటి ఎండుద్రాక్ష, రెండు కాలిన అగ్గిపుల్ల, మూడు, పీట్ పొగలో ఉంటుందనే ఆసుపత్రి వాసన కోసం, దెబ్బకు కట్టే బ్యాండేజీ.

మా రూమ్మేటు ఖలీల్, నెల్లూరు మనిషి, గుమ్మంలోనే ఆగిపోయాడు. "ఏంది సామీ, ప్రమోషన్‌కా, చేతబడికా?"

శనివారం రానే వచ్చింది. మూర్తిగారి ఫ్లాట్‌లో గ్లాసు చేతికి రాగానే వాసనలకు మార్కులేసే పట్టిక గీశాను. ఒక గుక్క వేశాను. గొంతులో దీపావళి, నాలుక చివర పానకం!

"పొగ పదికి ఆరు సార్. వెనకాల ఎండుద్రాక్ష."

"శభాష్!"

హాల్లో ఫోన్ మాట్లాడుతున్న మేడమ్, అంటే మూర్తిగారి శ్రీమతి, సోఫాలోంచి సగం లేచారు. "బాబూ, నాకు జలుబు, వాసనలు తెలియట్లేదు. ఏమైనా మాడుతోందా?"

పాఠకులారా, ఇక్కడ నేను లేచి వంటింటి వైపు నాలుగడుగులు వేసి ఉంటే ఈ కథే లేదు.

"కూర్చోండి మేడమ్! అది ఈ విస్కీ వాసన. ఇల్లంతా కొడుతుంది."

"నిజమేనా అండీ?" అని ఆవిడ భర్తనడిగారు.

"నా ముక్కు నిండా ఇదే ఉంది. అతను చెప్పాడంటే కరెక్టే."

ఆవిడ కూర్చున్నారు. ఐదో నిమిషానికి పొగ ఎనిమిది. "గాలి తగిలేకొద్దీ విప్పారుతోంది సార్." ఎనిమిదో నిమిషానికి తొమ్మిదిన్నర. "మాడిన చక్కెర... యాలకులు..."

"విస్కీలో యాలకులేంటయ్యా?"

"అంతా పీపా మహిమ సార్. ఇప్పుడు పాలు కూడా! చాలా అరుదు!"

పాలు అనగానే మేడమ్ ఫోన్ విసిరేసి వంటింటికి పరుగెత్తారు. తలుపు తెరిచారో లేదో, నా పట్టికలో పట్టనంత పొగ హాల్లోకి వచ్చింది. ఫైర్ అలారం మోగింది.

"యల్లా, యల్లా! సబ్ నీచే!" అని అందర్నీ కిందికి తరుముతూ వాచ్‌మన్ అరుపులు. భవనమంతా రోడ్డు మీదికొచ్చింది. ఫైరింజన్ వాళ్లు చివరికి ఒక నల్లటి గిన్నెను తెచ్చి మా ముందు పెట్టారు.

"సేమ్యా పాయసం బాబూ" అన్నారు మేడమ్ నీరసంగా. "ల్యాబ్ ఇన్‌చార్జివి నువ్వేనని ఈయన ఇవాళ చెబుతానంటే, నీ నోరు తీపి చేద్దామని పొయ్యిమీద పెట్టాను."

మూర్తిగారు గిన్నెను, నన్ను మార్చి మార్చి చూశారు. "సీలింగుకున్న అలారం బిళ్లకు డిగ్రీ లేదయ్యా. అయినా అది పట్టుకుంది. ఇన్‌చార్జి సంగతి ఖలాస్."

ఎండుద్రాక్ష మాత్రం గ్లాసులోనూ ఉంది, గిన్నెలోనూ ఉంది. ఆ మాట నేనిప్పటికీ వెనక్కి తీసుకోను.

సోమవారం నోటీసు బోర్డు మీద నా పేరు చూసి ఆశగా దగ్గరికెళ్లాను. నన్ను ఫ్యాక్టరీకి, పొగ వస్తే జనాన్ని ఖాళీ చేయించే ఫైర్ వార్డెన్‌గా నియమించారు.

వాళ్లిచ్చిన ఎర్ర జాకెట్ మీద చెయ్యి వేసి ప్రమాణం చేస్తున్నాను: ఇకపై ఎవరింట్లో ఎవరు గ్లాసు చేతికిచ్చినా, ముందు వంటింట్లోకెళ్లి పొయ్యి ఆర్పి వచ్చాకే వాసన చూస్తాను. పాయసం ఉడికిందా లేదా అన్నది వాళ్ల ఖర్మ.