నీళ్లకు చెప్పని కల

పొద్దుగాల లేవంగనే మా అమ్మ ఎవ్వరితోని మాట్లాడకపోతుండె. కల వచ్చిన పొద్దయితే సీదా వాకిట్ల నల్లా కాడికి పోయి, నల్లా తిప్పి, పారే నీళ్ల మీదికి వంగి నోట్ల నోట్ల ఏదో చెప్తుండె. చెప్పుడు అయినంక ముఖం కడుక్కొని, గప్పుడు మాతోని మాట కలుపుతుండె. వనపర్తిల మా వాడకట్టు ఆడోళ్లందరు గంతే. చెడ్డ కల వస్తే నీళ్లకు చెప్పాలె, నీళ్లు దాన్ని తీస్కపోతయి. మనిషికి చెప్పొద్దు. చెప్పిన కల చెప్పినోళ్లకు మళ్ల రాదు, విన్నోళ్లకు పోతది. అందుకే మంచి కల వస్తే ఎవ్వరికీ చెప్పొద్దు, నీళ్లకు గూడ చెప్పొద్దు. లోపట దాసుకుంటే మళ్ల మళ్ల వస్తది.

ఇదంతా మూఢనమ్మకం అని మా పాస్టరయ్య ఆదివారం ఆదివారం చెప్తుండె. అమ్మ తల ఊపుతుండె. సోమవారం పొద్దున మళ్ల నల్లా కాడనే ఉంటుండె. గద్వాలకు పోయేటప్పుడు బస్సు బీచుపల్లి బ్రిడ్జి ఎక్కితే చాలు, ఆంజనేయస్వామి దిక్కు తిరిగి దండం గూడ పెడ్తుండె. "ఏందే అమ్మ ఇది?" అంటే, "ఇద్దరు దేవుళ్లు చూసుకుంటే నీకేమన్న నొస్తుందా?" అంటుండె. ఆమెతోని వాదన పెట్టుకునుడు నా వల్ల కాలే.

కొన్ని పొద్దులు మాత్రం అమ్మ నల్లా కాడికి పోకపోతుండె. పొయ్యి కాడ కూసొని, చాయ్ పెట్టుకుంట, తనల తాను నవ్వుకుంటుండె. ఆ పొద్దు నేను బిందె పగలగొట్టినా తిట్టకపోతుండె. నాకు తెల్సు, కలల మా నాయిన వచ్చిండని. చిన్నప్పుడు ఒక్కసారి, "నాయిన వచ్చి ఏం చేస్తడే? చెప్పవే" అని అడిగిన. "చెప్తే ఇగ రాడు బిడ్డా" అన్నది. మళ్ల ఎన్నడు అడగలే.

మా నాయిన మేస్త్రీ వెంట దూరం పోయిండు, కాలువ తవ్వే పనికి. మా పాలమూరోళ్లకు అది కొత్త కాదు గదా, ఊర్లకు ఊర్లే పోతుండె. అక్కడ గట్టు కూలి ఆయన మీద పడ్డది. మట్టిల నుంచి తీసి, మళ్ల ఆ మట్టిలనే పెట్టి వచ్చిన్రు. ఇంటికి తేలే. గప్పటికి నేను బడికి పోయే పిల్లను, మా తమ్ముడు చంకల పిల్లగాడు. నాయినది ఫోటో లేదు. ఒక్కటంటే ఒక్కటి గూడ లేదు, తీయించుకునే యాళ్ల రాలే. నాకైతే జర జర యాదికున్నడు: బీడీ వాసన, గరుకు చెయ్యి, నన్ను భుజం మీద ఎక్కించుకొని సంతకు పోవుడు. అమ్మకు ఆ కల ఉండె. తమ్మునికి ఏం లేకుండె.

వాడు చర్చిల గిటార్ నేర్చిండు. నేను కలుపు తీసే కాడ, నాట్లేసే కాడ పాడి పాడి పెరిగిన. నా గొంతు మంచిదని నేనే చెప్పుకుంటే బాగుండదు గని, మంచిదే. వాడు ఎట్లనో ఒక కరెంటు గిటార్ సంపాదించినంక నా నాట్ల పాటకు దాన్ని కలిపి వాయించుడు మొదలుపెట్టిండు. మా వాడకట్టు ముసలామె ఒకామె విని, "ఇదేం పాటనే, ఎడ్లబండికి మోటర్ పెట్టినట్టుంది!" అన్నది. నేను నవ్విన, వాడు మూతి ముడుచుకున్నడు. గని పెండ్లిండ్లకు, జాతరలకు మమ్మల్ని పిలుసుడు షురూ అయింది. అక్కాతమ్ముల పాట అంటే మూడు ఊర్ల దిక్కు జర పేరొచ్చింది.

సీడీలు ఇంక కొత్తగున్న రోజులవి. గద్వాలల క్యాసెట్ల దుకాణం ఆయన ఒకాయన, దుకాణం వెనక అర్రకు కోడిగుడ్ల అట్టలు కొట్టి రికార్డింగ్ రూం అని పేరు పెట్టిండు. మా పాట విన్నడు. "బాగుంది గని, కలుపు పాటలు అందరు పాడిన్రు. మీదేందో చెప్పున్రి" అన్నడు. నేను ఆలోచన చేస్తుంటే, మా వాడు నన్ను ఒక్క మాట అడగకుంట, "కలలు సార్. మనుషుల కలలు పాడ్తం" అన్నడు. నేను వాని దిక్కు చూసిన చూపుకు వాడు మాడిపోవాలె. బయటికొచ్చినంక, "నీ దిమాక్ ఖరాబైందా? ఎవరి కలలురా?" అన్న. "అందరియి అక్కా. పోయి అడుగుదం" అన్నడు.

పోయి అడిగినం. తిట్టుకుంటనే పోయిన గని, గంత సంతోషంగ నేను మళ్ల ఎన్నడు తిరగలే. ఉప్పునుంతల కాడ పత్తి ఏరే ఆమె చెప్పింది: కలల ఆమె ఏరిన పత్తి ఏరినట్టే చెట్టుకు పోయి అతుక్కుంటదంట, పొద్దు గూకుతది, సంచి నిండదు. నాగర్‌కర్నూల్ బస్టాండ్ల హమాలీ ఒకాయనకు ఊరంత బస్సెక్కి వలస పోతుంటదంట, ఈయన సద్దిమూట పట్టుకొని ఉరుకుతుంటే కాళ్లు కదలయంట. అలంపూర్ల గుడి కాడ టెంకాయలమ్మే ముసలాయనకైతే తుంగభద్ర వచ్చి దుకాణం మెట్ల మీద కూసుంటదంట, లెవ్వమంటే లెవ్వదంట. కొన్నేండ్లకు ఆ నది నిజంగనే ఊర్లకొచ్చింది. ఆయన బతికిండు, దుకాణం పోయింది. ఫోన్ చేసి, "మీకు చెప్పి వదిలించుకున్న గదనే బిడ్డా, మళ్ల నాకెట్లొచ్చె?" అన్నడు.

జనం మాకు కలలు చెప్పనీకె ఎగబడుతుండిరి. ఎందుకెగబడరు! చెప్తే వాళ్లకు మళ్ల రాదు, మాకు తగులుకుంటది. అమ్మకు సంగతి తెల్సినంక గడప కాడనే ఆపింది. "ఊరోళ్ల పీడకలలన్ని మూట కట్టుకొని ఇంట్లకొస్తున్నరా? ముందు నల్లా కాడ చెప్పి రాండ్రి" అన్నది. నేను, తమ్ముడు నల్లా తిప్పి, నీళ్ల మీదికి వంగి, పత్తి ముచ్చట, బస్సు ముచ్చట అన్ని అప్పజెప్తుంటే వాడకట్టంత నిలబడి నవ్విన్రు. నాకు సిగ్గయింది. వాడు మాత్రం ఒక్కొక్కటి మంచిగ, మర్యాదగ చెప్పిండు.

పాటలు తయారైనయి. గద్వాల ఆయన అన్ని విని నెత్తి గోక్కున్నడు. "అన్ని ఏడుపులు, భయాలు, బుగుళ్లేనా? ఒక్క మంచి కల పెట్టున్రి. విన్నోళ్లకు జర ఊపిరాడాలె గదా" అన్నడు. గప్పుడు మాకు ఎరుకైంది. మాకు చెడ్డ కలలు తప్ప ఎవ్వరు ఏం ఇయ్యలే. మంచి కల ఎవరిస్తరు? ఇస్తే పోతది. నాగర్‌కర్నూల్ల కొత్తగ పెండ్లయిన పిల్లను అడిగితే, "ఉన్నది, చెప్ప" అని నవ్వి తలుపేసుకున్నది. శాన మందిని అడిగినం. అందరు గట్లనే నవ్విన్రు.

ఒకనాడు అన్నం తినేటప్పుడు మా వాడు తల వంచుకొని, "అమ్మా, నీ కల చెప్పరాదే. పాట కొరకు" అన్నడు. అమ్మ బుక్క నోట్ల పెట్టుకోబోయి మళ్ల పళ్లెంల పెట్టింది. చెయ్యి కడుక్కొని లేసిపోయింది.

నాకు మండింది. "సిగ్గున్నదారా నీకు? ఆమె మొగడు కనబడేది గా ఒక్క కాడ. నీ పాట కొరకు అది గూడ గుంజుకుంటవా?" అన్న.

వాడు కండ్లెత్తి నన్ను చూసిండు. "సరే అక్కా, అడగ" అన్నడు. లేసి గిటార్ పట్టుకొని చర్చి దిక్కు పోయిండు.

అడగలే నిజమే. తనే ఒక కల అల్లిండు. గద్వాలల రికార్డింగ్ నాడు నాకు చెప్పిండు, "ఈ పాట నేను పాడ్త, నువ్వు వెనక అందుకో" అని. అందుకున్న గని నా పానం పానంల లేదు. పాటల నాయిన ఇంటికొస్తడు. తెల్లంగి తొడుక్కొని, మల్లెపూలు, మిఠాయి పొట్లం పట్టుకొని వస్తడు. నా బుగులంత ఒక్కటే: వీడు ఊహించింది నిజంగ అమ్మ కలనే అయితే? ఎవరు చెప్పినా చెప్పినట్టే గదా, ఇగ నాయిన రాకపోతే? ఇంటికొచ్చే తొవ్వల బస్సు బీచుపల్లి బ్రిడ్జి ఎక్కంగనే, నేను గూడ గుడి దిక్కు తిరిగి దండం పెట్టిన.

సీడీ చేతికొచ్చిన నాడు పక్కింటోళ్ల ప్లేయర్ తెచ్చి మా వాకిట్ల పెట్టిన్రు. వాడకట్టు మందంత వచ్చిన్రు. పత్తి పాటకు ఆడోళ్లు అవునవునన్నరు, బస్సు పాటకు మొగోళ్లు తల ఊపిన్రు. ఆఖరికి ఆ పాట వచ్చింది. నేను పాట వినలే, అమ్మ ముఖమే చూస్తున్న. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకొని, కదలకుంట విన్నది. పాట అయిపోయింది.

"గది కాదు" అన్నది అమ్మ. అని నవ్వింది, నిజంగ, పండ్లు కనబడేటట్టు. "మీ నాయిన తెల్లంగి ఎన్నడు తొడిగిండురా! పూలు గీలు తెచ్చే మనిషా ఆయన!"

నాకు ఎంత సంతోషమైందో చెప్పలేను. అమ్మ కల అమ్మ కాడనే ఉంది. నేను గూడ నవ్విన, మందంత నవ్విన్రు. చూస్తే మా వాడు లేడు. గోడ అవతల కూసొని, మోకాళ్లల్ల తల పెట్టుకొని ఏడుస్తుండు. ముప్పై ఏండ్లకు దగ్గరికొచ్చిన మనిషి.

అమ్మ నవ్వు ఆగిపోయింది. "ఆ పాట మళ్ల పెట్టు" అన్నది నాతోని. మళ్ల పెట్టిన. గప్పుడు నేను గూడ పాట విన్న. పాటల నాయిన ఇంట్లకు రాంగనే అమ్మను పిలువడు. కొడుకును పిలుస్తడు. ఎంత పెద్దోనివైతివిరా అని వాని ముఖం పట్టుకొని చూస్తడు.

"వాడు నా కల పాడలే బిడ్డా" అన్నది అమ్మ. "వానికి రాని కల పాడిండు."

తెల్లారి వాడు వేపపుల్ల నోట్ల పెట్టుకొని నల్లా కాడ కూసున్నడు. అమ్మ పోయి ఎదురుంగ కూసున్నది. నల్లా తిప్పలే. నేను బిందె పట్టుకొని పోతే, "నువ్వు లోపటికి పో" అన్నది. "నేనెందుకు పోవాలె?" అన్న. "నీకు మీ నాయిన యాదికున్నడు గదా" అన్నది.

పోయిన. నేను ఆయన బిడ్డను కానా? కిటికీల నుంచి చూసిన. అమ్మ పెదాలు కదులుతున్నయి. వాడు పుల్ల నములుడు ఆపిండు. శాన సేపు గూడ కాదు, నేను పొయ్యి మీద పెట్టిన చాయ్ ఇంక పొంగలే, అమ్మ లేసింది. ముఖం కడుక్కొని లోపటికొచ్చి, "అయిపాయె" అన్నది. వాడు బయటనే కూసున్నడు.

ఆనాటి నుంచి అమ్మ పొయ్యి కాడ తనల తాను నవ్వుకునే పొద్దు రాలే. నేను ఎదురుచూసిన, రాలే. వానితోని మాట్లాడుడు బంద్ పెట్టిన. జాతరల పక్కపక్కన నిలబడి పాడినం గని మాటల్లేవు. జనానికి ఆ తెల్లంగి పాటనే మస్తు నచ్చింది, ఎక్కడికి పోయినా అదే అడుగుతుండిరి. గద్వాల ఆయన, "ఇసొంటిది ఇంకోటి కట్టురా" అన్నడు. "లేదు సార్" అన్నడు మా వాడు. అమ్మ ఇచ్చిన కలను వాడు పాట కట్టలే, నాతోని గూడ చెప్పలే.

ఒకనాడు ఉండబట్టక అమ్మను అడిగిన. "నాయిన మళ్ల వచ్చిండా?"

"రాలే."

"బాధ లేదా నీకు?"

"ఎందుకుండదే? ఉంది" అన్నది. బియ్యం ఏరుతున్నది, చెయ్యి ఆపలే. "నా కాడ గిన్నేండ్లు ఉండె. వాని కాడ ఒక్క పూట గూడ లేకపాయె. వాడు నాకు పుట్టినోడే గదా."

వానలు పడి ఆగినంక ఒక పొద్దు, నేను నల్లా కాడ బిందెలు నింపుతున్న. మా వాడు లేసి బయటికొచ్చిండు. వానికి గూడ అమ్మ అలవాటే వచ్చింది, కల వస్తే నల్లా కాడికే వస్తుండె. మాటల్లేకున్నా జరిగి జాగ ఇచ్చిన. వాడు రాలే. సీదా లోపటికి పోయి పొయ్యి కాడ కూసున్నడు. నేను బిందెత్తుకొని పోయేసరికి వాడు తల వంచుకొని, తనల తాను నవ్వుకుంటుండు.

అమ్మ వాని ముఖం చూసింది. ఏం కల అని అడగలే. చాయ్ గిలాస వాని చేతిల పెట్టి, మెల్లగ, "మంచిగున్నడా?" అన్నది.

వాడు తల ఊపిండు.