మా బడి నాటకంలో సాక్షి

ఆగస్టు పదిహేనున జెండా ఎగరేశాక మా బడిలో ఒక నాటకం ఆడతాం. తెల్లదొరల కోర్టులో ఒక విప్లవకారుడి విచారణ. మండపేట దగ్గర ఈ ఊరికి తెలుగు మాస్టారుగా వచ్చిన ఏడాదే దాన్ని నేను రాశాను. జడ్జీ జుట్టుకి గోనెపీచు, కోటుకి పాత గొడుగు గుడ్డ, బోనుకి తిరగేసిన బెంచీ. ఉరిశిక్ష పడ్డాక ముద్దాయి చెప్పే నాలుగు మాటలూ ఊరంతా గొంతు కలిపి చెబుతుంది. చదువురాని ముసలివాళ్ళకు కూడా అవి కంఠతా వచ్చు. దేశం అనగానే మావాళ్ళ కళ్ళముందు కదిలేది బోనులో తలెత్తుకు నిలబడ్డ ఆ కుర్రాడే.

అందులో ఎవరూ ఒప్పుకోని వేషం ఒకటుంది: తోటివాళ్ళను పట్టిచ్చే సాక్షి. ఆ వేషం వేసినవాణ్ణి తర్వాత వారంపాటు ‘ద్రోహి’ అని ఏడిపిస్తారు.

మా ఊరికి సొంత కేసు కూడా ఒకటుంది. దానిమీద నాటకం ఎవరూ రాయలేదు. రాయగలిగినవాణ్ణి నేనొక్కణ్ణే కాబట్టి ఎవరూ రాయలేదంటే నేను రాయలేదనే. కొన్నేళ్ళ కిందట మా రైసుమిల్లులో బియ్యం బస్తా పోయిందని ఒక కూలీని లారీ చక్రానికి కట్టేసి కొట్టారు. మర్నాడు చనిపోయాడు. బడి నుంచి ఇంటికెళుతూ మిల్లు గేటు దగ్గర సైకిలాపి నేను చూశాను. కర్ర మిల్లు యజమాని కొడుకు చేతిలో ఉంది. పోలీసులకు అదే చెప్పాను. ఆ రోజు నా అంతటివాడు లేడనుకున్నాను.

విచారణ మొదలయ్యేసరికి ఏళ్ళు గడిచాయి. ఈలోగా మిల్లు యజమాని మా బడికి సిమెంటు స్టేజీ కట్టించాడు. వాయిదాకి ముందురోజు ఊరి పెద్దలు మా ఇంటికొచ్చి కాఫీ తాగారు.

“పోయినోడు ఎలాగూ తిరిగిరాడు కదండీ మాస్టారూ. ఊరి పరువు కూడా చూడాలి కదండీ” అన్నారు.

ఎవరూ బెదిరించలేదు. బెదిరించి ఉంటే చెప్పుకోవడానికి నాకొక సాకైనా మిగిలేది. రాజమండ్రి కోర్టులో నాకు ముందు పిలిచినవాళ్ళందరూ ఏమీ చూడలేదన్నారు. నా వంతు వచ్చింది. కొట్టడం కళ్ళారా చూశారా అని లాయరుగారు అడిగారు.

“చూడలేదండి” అన్నాను.

కేసు కొట్టేశారు. తీర్పు వచ్చినరోజు అందరం ఒకే బస్సులో తిరిగొచ్చాం. దారిలో దిగి టిఫిను కూడా చేశాం. ఇప్పుడు ఊళ్ళో ఎవర్నడిగినా ‘మిల్లులో యాక్సిడెంటు’ అంటారు. అబద్ధమాడుతున్నామని వాళ్ళకు తెలియదు, నిజంగా అలాగే గుర్తుంది. పిల్లలకూ అదే చెబుతారు. తాతల నాటి కోర్టులో ఎవరేమన్నదీ పొల్లుపోకుండా అప్పజెప్పే ఊరు ఇది. ఈ ఊరి మీద నాకు ఆశ లేదు. నా మీద అసలే లేదు.

చనిపోయినతని భార్య మా బడిలో మధ్యాహ్న భోజనం వండుతుంది. కనిపించినప్పుడల్లా “నమస్కారమండి” అంటుంది. ఇన్నేళ్ళలో ఆ ఒక్క మాట తప్ప నాతో ఇంకేమీ మాట్లాడలేదు.

ఈ ఏడాది సాక్షి వేషానికి ఎలాగో ఒప్పించిన పిల్లాడికి ఆ ఉదయమే జ్వరం వచ్చింది. ఇంకెవరూ ముందుకు రాలేదు. చివరికి నేనే కండువా తలకు చుట్టుకుని స్టేజీ ఎక్కాను. లాయరు వేషంలో ఉన్న పదో తరగతి అమ్మాయి వేలు చూపించి అడిగింది, “నీ కళ్ళతో నువ్వు చూశావా?”

“చూశాను” అన్నాను. మైకు అక్కర్లేకుండానే మిల్లు దాకా వినిపించేంత గట్టిగా వచ్చింది ఆ మాట.

జనం లేచి నిలబడి “ద్రోహి! ద్రోహి!” అని అరిచారు, నవ్వారు, ఈలలేశారు. ముఖ్య అతిథి కుర్చీలోంచి మిల్లు యజమాని కొడుకు కూడా అరిచాడు. వంటగది గుమ్మంలో గరిటె పట్టుకుని నిలబడ్డ ఆవిడొక్కతే అరవలేదు.

నాటకం అయ్యాక పులిహోర పంచారు. నా వంతు రాగానే ఆవిడ ఆకులో వడ్డిస్తూ, తలెత్తకుండానే అంది.

“చూశానన్న మాట మీకు బాగానే వచ్చునండి మాస్టారూ.”

నా వెనకవాళ్ళకు వడ్డించడానికి పక్కకు జరిగింది. ఇంతలో మిల్లు యజమాని కొడుకు వచ్చి నా భుజం తట్టాడు.

“అదరగొట్టేశారండి మాస్టారూ! అచ్చం నిజం సాక్షిలాగే చెప్పారు.”

“థాంక్సండి” అన్నాను.