విరిగిన బల్ల

వడ్రంగి నోట్లో నువ్వుగింజ నానదు. ఆ వీధిలో ఏ తలుపు కిర్రుమన్నా ఆయనే వెళ్లాలి, ఆ ఇంటి కబురు మూడో ఇంటికి చేరాలన్నా ఆయనే.

ఆ పొద్దున, బడిలో ఇంగ్లీషు చెప్పే కూతురు టీ తాగుతూ ఒక మాట చెప్పింది. "దివాలాని బ్యాంక్‌రప్ట్ అంటారు కదా నాన్నా, అది బల్లలోంచి పుట్టిన మాటే. పూర్వం ఇటలీలో డబ్బు మార్చేవాళ్లు బల్ల వేసుక్కూర్చునేవారు. చేతులెత్తేస్తే ఆ బల్ల విరగ్గొట్టేవారట. 'విరిగిన బల్ల' అనే మాటే నోళ్లలో నలిగి ఇలా అయింది."

వడ్రంగి పొంగిపోయాడు. ఇంత పెద్ద మాట తన సరుకులోంచి పుట్టిందా! ఇంకేం, టీకొట్టులో చెప్పాడు, మంగలి దగ్గర చెప్పాడు, వద్దన్నవాళ్లకీ చెప్పాడు.

పదకొండింటికి బావమరిది కబురంపాడు. వీధి చివర పొదుపు సంఘం అతనిదే, అతని బతుకంతా అదే. అక్కడ డబ్బు కట్టించుకునే బల్ల కాలు విరిగింది. చూస్తే చెదలు. అక్కడే బాగుచెయ్యొచ్చు, కానీ రంపం దుకాణంలో ఉండిపోయింది. మహానుభావుడు బల్లని నెత్తిన పెట్టుకుని పట్టపగలు టీకొట్టు ముందునుంచే నడిచాడు.

"సంఘం బల్లేనా?" అని ఎవరో అడిగారు.

"అదే. విరిగింది," అన్నాడు పని ధ్యాసలో.

కొత్త కాలు బిగించి తిరిగొచ్చేసరికి సంఘం ముందు మలుపుదాకా జనం, చేతుల్లో పాసుపుస్తకాలు. చెదలయ్యా బాబూ అని మొత్తుకున్నాడు. బావమరిదిని వెనకేసుకొస్తున్నాడులే అన్నారు.

ఆయనకి బుర్ర తిరిగిపోయింది. చెదలు తన చేత్తో దులిపాడు. అయినా ఇంతమంది ఊరికే వస్తారా? తనకి తెలియనిదేదో వీళ్లకి తెలిసిందేమో. పొద్దున బావమరిది మొహం అదోలా ఉంది కూడా. ఉందా? కూతురి పేర దాచిన డబ్బు గుర్తొచ్చింది. బల్లని గోడకి ఆనించి, ఇంటికెళ్లి పాసుపుస్తకం తెచ్చుకుని వరుసలో నిలబడ్డాడు. ఆయన్ని చూసి వరుస రెట్టింపయింది.

ఆయన వంతు వచ్చింది. బావమరిది తలెత్తలేదు. లెక్కపెట్టి ఇచ్చి, ఖాళీ పెట్టె మూత వేశాడు. "ఇవాళ్టికి ఇంతే. మిగతాదంతా అప్పులిచ్చి ఉంది, వసూలు కావాలి."

వడ్రంగి వెనక్కి తిరిగాడు. తన వెనకాలే అత్తగారు, ఆ బావమరిది తల్లి, కంటి ఆపరేషన్‌కి దాచుకున్న డబ్బు పాసుపుస్తకం పట్టుకుని నిలబడి ఉంది.

"మావాడి మీద నాకేం అనుమానం లేదు అల్లుడుగారూ," అంది. "మీరు నిలబడ్డారని వచ్చాను."