మంచు మిస్త్రీ

మొన్న జహీరాబాదులో, హైవే పక్కన కొత్తగా కట్టిన ఫంక్షన్ హాల్లో మా చెల్లెలి కొడుకు పెళ్లి విందు జరిగింది. పెళ్లికొడుకూ పెళ్లికూతురూ ఎర్ర తివాచీ మీద నడిచి వస్తుంటే, రెండు పక్కలా ఇనుప స్టాండ్ల మీద పెట్టిన నల్లటి డబ్బాలు బుర్రుమంటూ తెల్లటి నురగ తునకల్ని గాలిలోకి చిమ్మాయి. అవి కాసేపు లైట్ల వెలుగులో తేలి, పెళ్లివాళ్ల తలల మీదా, ముందు వరస కుర్చీల మీదా, ఎవరో చేతిలో పట్టుకున్న డబల్ కా మీఠా గిన్నె మీదా వాలాయి. స్నో మిషన్ అంటూ పిల్లలు దాని కిందికి పరిగెత్తారు. ఒక తునక నా ముంజేతి మీద పడితే వాసన చూశాను. షాంపూ వాసన. నా పక్క కుర్చీలో కూర్చున్న మా నాయన, ఎనభై దాటిన మనిషి, తన భుజం మీద పడ్డ తునకను చూపుడువేలికి అద్దుకుని బొటనవేలితో నలిపి చూస్తున్నాడు. ఆయన ఏ వస్తువునైనా ముందు అలా నలిపి గాని మాట్లాడడు. నాకు తెలిసినంతలో ఈ ఊళ్లో మొదటి మంచు యంత్రం చేసింది ఆయనే. ఆ సంగతి హాల్లో మా ఇద్దరికి తప్ప ఎవరికీ గుర్తు లేదు, ఉండకపోవడమే మేలని నేను చాలా ఏళ్లుగా అనుకుంటున్నాను.

డెబ్బైల చివరి మాట ఇది, నాకప్పుడు పదేళ్లు. క్రైస్తవ మిషన్ బడి వెనక గల్లీలో మా ఇల్లు. దసరా దాటి చలి మొదలయ్యేసరికి ఊరి చుట్టూ నల్లరేగడి చేలల్లో తెల్లజొన్న నడుమెత్తు లేచేది, మధ్యమధ్యన కుసుమ, దాని పక్కన శనగ. మా వైపు చలికాలపు యాసంగి పంటకు నీళ్లు పెట్టడమనే మాటే లేదు, విత్తనం వేసి ఊరుకుంటే మంచుకే పండేది. మొగుడంపల్లి వైపు ముసలమ్మలు దాన్ని సత్తెం పంట అనేవాళ్లు, మనిషి నీళ్లు పోయకపోయినా సత్యం మీద నిలబడి పండుతుందని. మాకు మంచంటే అదే, తెల్లవారేసరికి ఆకు మీద నిలబడి, పొద్దెక్కేసరికి పోయేది. ఆకాశం నుంచి తెల్లగా రాలేది వేరే ఒకటుందనీ, పుస్తకాల్లో దాన్ని కూడా మంచనే అంటారనీ మా గల్లీలో ఎవరికీ తెలియదు. గడ్డకట్టింది ఏదైనా మాకు బరఫే, అది ఎండాకాలంలో రంపపు పొట్టు చుట్టుకుని గోనెసంచిలో సైకిలెక్కి వచ్చేది.

డిసెంబరు పొద్దుల్లో చెరుకు బండ్లు రోడ్డు మీద కిర్రుకిర్రుమంటూ పోతుంటే వెనకనుంచి గడలు లాక్కుని, పాత నోటుబుక్కు కాగితం బీడీలా చుట్టి నోట్లో పెట్టుకుని, నోటి ఆవిరే పొగ అనుకుంటూ, బొంబాయి పోయే లారీల్ని లెక్కపెట్టేవాళ్లం. పచ్చి శనగ చెట్లు వేళ్లతో సహా పీకి, చొప్ప మంట మీద కాల్చి, మసి చేతులతో ఒలుచుకుని తినేవాళ్లం, మూతులు నల్లబడి ఇంటికొస్తే ఎవరి చేలో పీకారో అమ్మ అడగనే అడిగేది. క్రిస్మస్‌కు పదిరోజుల ముందే ఇంట్లో బెల్లం పాకం వాసన. అరిసెలు ఒత్తేటప్పుడు మొదటిది మాకు ఇచ్చేది కాదు అమ్మ, చర్చి నుంచి క్రిస్మస్ పాటలు పాడుతూ వచ్చేవాళ్లకని డబ్బాలో దాచేది, ఆ డబ్బా మూత చప్పుడు కాకుండా ఎలా తీయాలో మా చెల్లెలికి తెలుసు.

మా నాయన పేరు దానియేలు, ఊరికి దానేలు. రోడ్డు మీద ఒక వర్క్‌షాపులో ఆయిల్ ఇంజన్లు, పొలానికి మందు కొట్టే ఇత్తడి పంపులు బాగు చేసేవాడు. షాపు మాత్రం కోహీరు నుంచి వచ్చే పెద్ద మిస్త్రీది. ఆయన పది గంటలకు వచ్చి చాయ తాగి, మధ్యాహ్నం నమాజుకు వెళ్లి, మళ్లీ వస్తే వచ్చేవాడు. పనంతా మా నాయనది, మిస్త్రీ అనే పిలుపు ఆయనది. రైతులు బండి దిగి, ఇంజను విప్పుకుని కూర్చున్న మా నాయన ముందే నిలబడి, "మిస్త్రీ లేడా?" అని అడిగేవాళ్లు. "లేడు, నేనున్న" అనేవాడు మా నాయన. సరే, వచ్చినంక వస్తం అని బండెక్కేవాళ్లు. పన్నెండేళ్లు ఆ పని చేశాక కూడా ఆయనకు ఆ ఒక్క మాట దక్కలేదు. పేరుల ఏమున్నది, చేతిల ఉండాలె అని అమ్మ సర్దిచెప్పబోతే ఆయన లేచి బయటికి వెళ్లిపోయేవాడు.

ఆ ఏడు మా బడికి గుంటూరు వైపు నుంచి సుగుణమ్మ అనే టీచరు వచ్చింది. క్రిస్మస్ నాటకం ఆమెకు అప్పగించారు. నేను మూడో దేవదూతను. ఒకరోజు బడి వదిలాక ఆమె నన్ను పిలిచి, "మీ నాన్నగారితో చెప్పమ్మా, పశువుల పాక మీద మంచు కురవాలి. ఈ కార్డు చూపించు, ఆయనకే అర్థమవుతుంది. బాగా కుదిరితే దానియేలు మిస్త్రీ గారికి అందరి ముందూ శాలువా కప్పుదాం" అంది. జర్మనీలో నర్సుగా పనిచేసే ఆమె చెల్లెలు పంపిన కార్డు అది. ఏటవాలు కప్పుల ఇళ్లు, ఒక చర్చి గోపురం, అన్నిటి మీదా మందంగా తెలుపు. ఆ తెలుపు మీద మెరుపు పొడి అంటించి ఉంది. అటూ ఇటూ వంచితే ఊరంతా తళతళలాడేది. వేలితో రాస్తే గరుగ్గా తగిలేది. ఇంటికి వెళ్లే దారిలో దాన్ని వంచి వంచి చూసుకుంటూ, గల్లీ మలుపు దగ్గర ఆగి, నాయనకిస్తే మళ్లీ టీచరు దగ్గరికే పోతుంది గదా అనుకుని, దాన్ని నా సోషల్ పుస్తకంలో పెట్టేశాను. దొంగబుద్ధి అంటే అదే, వేరే పేరు లేదు.

నాయనకు మాట మాత్రం చెప్పాను, నాటకంలో మంచు కురవాలెనట అని. శాలువా సంగతీ చెప్పాను. టీచరు మిస్త్రీ అన్నదని చెప్పినప్పుడు ఆయన చేతిలోని పానా కింద పెట్టాడు.

"ఏమన్నది? మల్ల చెప్పు."

"దానియేలు మిస్త్రీ గారు అన్నది."

ఆయన చేతుల గ్రీజు గుడ్డకు తుడుచుకున్నాడు. తర్వాత పనివాడి ప్రశ్న అడిగాడు. "ఏ యాళ్ల మంచు? తెల్లారకముందుదా, తెల్లారినంకదా?" నాకేం తెలుసు, తెల్లారినంకది అన్నాను.

మర్నాడు చీకటి విడవకముందే నన్ను లేపి శనగచేలోకి తీసుకుపోయాడు. శనగాకు మీది మంచు పుల్లగా ఉంటుంది, చెప్పుల తోలు కూడా తినేస్తుందని ఇద్దరం చెప్పులు గట్టునే విడిచాం. ముందటి సాయంత్రం ఎవరో చేను మీద ఉతికిన ధోతి పరిచి వెళ్లారు. తెల్లారి దాన్ని పిండి ఆ పులుపు సీసాలో పోసుకుంటే ఏడాది పొడుగునా కడుపునొప్పికి మందు. మా నాయన మోకాళ్ల మీద కూర్చుని ఒక్కో ఆకునూ కంటి దగ్గరికి తెచ్చుకుని, బొట్టు ఎంతుందో, ఎక్కడ నిలుస్తోందో, ఊదితే ఎటు జారుతోందో చూశాడు. "ఆవగింజల సగం" అన్నాడు చివరికి. "వాన లెక్క పడొద్దు. వచ్చి కూసున్నట్టుండాలె." ఆ మాటకు నా సోషల్ పుస్తకంలోని తెల్లటి ఊరు గుర్తొచ్చింది. ఆ ఊళ్లో బొట్లు లేవు, పరుపంత మందాన తెలుపు ఉంది. అప్పుడైనా చెప్పొచ్చు. చెబితే కార్డు పోతుంది.

ఆయన రెండు వారాలు తిండి ధ్యాస లేకుండా ఆ యంత్రం చేశాడు. మూలన పడ్డ ఒక ఇత్తడి మందు పంపును తెచ్చి, విషం వాసన పోయేదాకా బూడిదతో, చింతపండుతో, మళ్లీ బూడిదతో తోమాడు. నాజిల్ బెజ్జాన్ని సన్నం చేసి, ముందు పలచని మల్లు గుడ్డ కట్టాడు. జొన్నలు తూర్పారపట్టే ఫ్యాను రెక్కల్ని కత్తిరించి, అమ్మ పాత కుట్టుమిషన్ పెడల్‌కు తగిలించాడు. కాలితో తొక్కుతూ చేత్తో పంపు కొడితే, నీరు దుమ్ములాగా లేచి, గాలికి వెళ్లి, నిమ్మళంగా కిందికి దిగేది. ఇంటి ముందర పరీక్ష పెట్టినప్పుడు పక్కింటి తులసమ్మ గారి మందార చెట్టు ఆకులన్నీ నిజంగా తెల్లారగట్ల తడిసినట్టే తడిశాయి. ఆయన ఒక ఆకు తుంచి నాకు చూపించాడు. ఆయన ముఖంలో అంత సంతోషం అంతకుముందు నేనెప్పుడూ చూడలేదు. నేను ఆకు వైపు చూడకుండా ఇంట్లోకి వెళ్లిపోయాను.

నాటకం పగటిపూటే, ఊళ్లవాళ్లకు బస్సులు దొరకాలని నాలుగింటికి పెట్టారు. బడి వరండాలో జొన్న చొప్పతో పాక వేశారు. మొగుడంపల్లి, కోహీరుల నుంచి బండ్లు కట్టుకుని వచ్చిన జనం కింద చాపల మీద కూర్చున్నారు. నాయన పాక వెనక బల్ల మీద, ఉతికిన తెల్ల చొక్కాలో, ఒక కాలు పెడల్ మీద పెట్టి నిలబడ్డాడు. ముందు వరసలో ఇత్తడి పళ్లెంలో మడత విప్పని శాలువా ఉంది. గొర్రెలకాపర్లు వచ్చారు, నిజమైన గొర్రెపిల్లను తెచ్చారు, దేవదూతలం వచ్చి నిలబడ్డాం, టీచరు చెయ్యెత్తింది.

మంచు కురిసింది. నిజం చెప్పాలంటే అంత గొప్పగా కురుస్తుందని నేనూ అనుకోలేదు. పాక చొప్ప మీదా, గొర్రెపిల్ల బొచ్చు మీదా, బాలయేసు పడుకున్న గడ్డి మీదా ఆవగింజలో సగమంత బొట్లు వచ్చి కూర్చున్నాయి. కింద చాపల మీది ఆడవాళ్లంతా, ఎవరూ చెప్పకుండానే, పొద్దున్నే చేలోకి దిగినప్పటిలాగే కొంగులు తల మీదికి లాక్కున్నారు. "శనగచేన్ల నిలవడ్డట్టే ఉన్నది" అందో ముసలామె. ఆ ఒక్క నిమిషం ఎవరూ దగ్గలేదు కూడా.

తర్వాత మా రెక్కలు ఊడాయి. రంగు కాగితాలను మైదా పిండితో అంటించిన రెక్కలవి. మొదటి దేవదూతది ఒకటి జారి గొర్రెపిల్ల మీద పడింది, అది బెదిరి ఒళ్లు విదిలించింది. గులాబీ రంగు మా తెల్ల గౌన్ల మీద చారలు కట్టింది. యోసేపు వేషం వేసిన పిల్లవాడి దూది గడ్డం నానిపోయి మెడలోకి జారింది. వెనక నిలబడ్డవాళ్లలో ఎవరో "వారెవ్వా, మంచు మిస్త్రీ" అన్నారు, అంతే, నవ్వు ఒకచోట మొదలై గేటు దాకా పోయింది. నాయన పెడల్ మీద కాలు ఆపలేదు, పాక వెనక ఉన్న ఆయనకు అందరూ మెచ్చి నవ్వుతున్నారేమో అనిపించి ఉంటుంది.

టీచరు పాక వెనక్కి వెళ్లింది. అందరికంటే ఎక్కువ తడిసిన నన్ను చూసి, దారిలో పళ్లెంలోని శాలువా తీసి నాకు చుట్టి, వెంట తీసుకెళ్లింది. "కార్డు పంపించాను గదండీ, చూడలేదా?" అని అడిగింది. నాయన నా వైపు చూశాడు. నేను ఆయనకు కప్పాల్సిన శాలువాలో తల దించుకున్నాను.

"సూసిన టీచరమ్మా" అన్నాడు. "నాకే సమజ్ గాలే."

నా కోసం ఆయన అబద్ధమాడాడు. ఆ రోజు నుంచి నలభై అయిదేళ్లు నేను ఆ అబద్ధం బరువు మోశాను. మర్నాటి నుంచి రైతులు షాపు ముందు బండి దిగి, మంచు మిస్త్రీ లేడా అని నవ్వుతూ అడిగేవాళ్లు, ఉన్న అనేవాడు ఆయన, ముఖం ఎత్తకుండా. నేను ఆ దారిన బడికి పోవడం మానేసి చుట్టూ తిరిగి పోయేదాన్ని. నవ్వులు రెండేళ్లకు పాతబడ్డాయి, మాటలో ముందరి సగం నోళ్లలోంచి జారిపోయి, మిస్త్రీ ఒక్కటే మిగిలింది. కోహీరు పెద్దాయన కాలం చేశాక షాపు బోర్డు మీద కూడా మా నాయన పేరు పక్కన అదే రాయించారు. కార్డును నేను మళ్లీ ముట్టలేదు. ఆ ఎండాకాలం పుస్తకాల పెట్టెకు చెదలు పట్టి అదీ పోయింది.

ఇన్నేళ్ల తర్వాత ఫంక్షన్ హాల్లో నురగ రాలుతుంటే ఇంక ఉండబట్టలేక చెప్పేశాను. "నాయినా, అప్పుడు టీచరమ్మ ఇచ్చిన కార్డు నేను నీకు ఇయ్యలే. దాసుకున్న."

ఆయన నా వైపు తిరిగాడు. "ఎరుకే. నీ సోషల్ బుక్కుల ఉండె. నాజిల్ బొమ్మ గీస్తందుకు కాయితం చింపుతుంటె కనవడ్డది. నీకు ఇష్టమున్నట్టున్నదని మల్ల ఆడనే వెట్టిన."

"నాటకం ముందేనా?"

"ముందే."

"మరి సూసినంక గూడ నీళ్ల మంచెందుకు చేసినవ్?"

"అండ్ల మంచేడున్నది?" అన్నాడు మా నాయన, ఇప్పటికీ ఆ సంగతి తేలనట్టు. "పండుగకు ఇండ్లకు సున్నమేసిన్రనుకున్న. పైసలున్నోళ్లు గదా, కప్పులకు సుత ఏసిన్రు అనుకున్న." మళ్లీ, "అప్పుడే చెప్తి గద టీచరమ్మకు, సూసిన, సమజ్ గాలే అని" అన్నాడు.

ఆయన కర్ర అందుకుని లేచి, స్టాండు దగ్గరికి నడిచి, నల్లడబ్బా చుట్టూ తిరిగి మూతి దగ్గర వేలు పెట్టి చూసి వచ్చాడు. పంపు మంచిగనే ఉన్నదట, నీళ్లల్ల సబ్బు కలిపిన్రట, ఇది గూడ మంచు గాదట. హాలు కిటికీలోంచి కార్లు నిలిపిన జాగా కనబడుతోంది, మేం చెప్పులు విడిచిన గట్టు అక్కడే ఎక్కడో ఉండాలి. దాని అవతల బోరు నీళ్లకు పెరిగే చెరుకు, అల్లం. శనగచేను మీద ధోతి పరిచేవాళ్లు ఇప్పుడు లేరు, ఆ పులుపు సీసా ఎవరింట్లోనూ లేదు. డబ్బాలు మళ్లీ బుర్రుమన్నాయి. నేను కొంగు తల మీదికి లాక్కున్నాను. ఆ హాల్లో ఇంకెవరూ లాక్కోలేదు.