జైలు గదిలో అంకుల్ చెప్పిన మాట

మా వీధి చివర ఉండే డాక్టరు అంకుల్ పోయిన నెల, ఒక సోమవారం పొద్దున, కాఫీ కలుపుకుని తాగకుండానే పోయారు. "మీ అంకుల్ లేరమ్మా" అని ఆంటీ ఫోన్ చేస్తే, "ఎక్కడికెళ్లారు?" అని అడిగాను. తలుచుకుంటే ఇప్పటికీ తల ఎత్తలేను.

చదివే మీకు ఆయన తెలియదు. ఆస్ట్రేలియాలో, ఈ పెర్త్‌లో యూనివర్సిటీకి వచ్చిన కొత్తలో నా నోరు తెరిపించిన మనిషి ఆయనొక్కరే. బస్‌స్టాపులో నా చేతిలోని లైబ్రరీ పుస్తకం చూసి పలకరించారు. ఎనభై దాటాయి, చేతులు వణికేవి, పెన్ను పట్టలేరు. "నాకో పని చేసిపెట్టు. మా అమ్మానాన్నల కథ నేను చెప్తా, నువ్వు రాయి. నా మాటల్లోనే రాయాలి, నీ కవిత్వం కలపకు" అన్నారు.

ఆ పని కోసమే నన్ను పెర్త్ పక్కనే ఉన్న ఫ్రీమాంటిల్ పాత జైలుకి తీసుకెళ్లేవారు. ఐర్లాండ్ స్వాతంత్ర్యం కోసం పోరాడిన కొందరిని ఒకప్పుడు ఓడలో తెచ్చి పెట్టింది అక్కడే. ఇప్పుడు టికెట్ కొని చూసే చోటు. అంకుల్ వాళ్ల నాన్నగారు మన స్వాతంత్ర్యోద్యమంలో రాజమండ్రి జైల్లో ఉన్నారు. అప్పటికి అంకుల్ ఇంకా తల్లి కడుపులోనే. "ఆ జైలు లోపలికి నేనెప్పుడూ వెళ్లలేదమ్మా. ఇది దానికి చుట్టం అనుకో" అనేవారు.

అక్కడ ఒక ఖైదీ గది గుమ్మం దగ్గర చెప్పులు విప్పేవారు. మొదటిసారి గైడు కంగారుపడ్డాడు, నేల చల్లగా ఉంటుందన్నాడు.

"అంకుల్, ఇది గుడి కాదు" అన్నాను మెల్లగా.

"తెలుసులే అమ్మాయ్. గుడి దగ్గరైతే చెప్పులు పోతాయని భయం. ఇక్కడ ఆ దిగులు కూడా లేదు."

లోపల గోడకి ఆనుకుని చెప్పేవారు. నేను రాసుకునేదాన్ని, ఇంగ్లీషులో. మా కాన్వెంటులో తెలుగు మాట్లాడితే బెంచీ ఎక్కించేవారు. ఇప్పటికీ వేగంగా రాయాలంటే నా చెయ్యి ఇంగ్లీషులోకే పోతుంది. ఇంటికెళ్లి తెలుగులో పెట్టుకోవచ్చులే అనుకునేదాన్ని. ప్రతిసారీ అనుకునేదాన్ని.

"ఏదీ, చదువు" అనేవారు.

"ఫెయిర్ చేశాక, అంకుల్."

"పైవాడు నా వీసా క్యాన్సిల్ చేసేలోగా చెయ్యి తల్లీ."

చివరిసారి వెళ్లినప్పుడు వాళ్లమ్మగారి సంగతి చెప్పారు. నిండు నెలలతో జైలు గేటు దగ్గరికి వెళ్లి, ఊచల అవతల భర్తని చూసి ఏడ్చారట. అప్పుడాయన ఒక మాట అన్నారట. ఆ మాటని అంకుల్ అచ్చం వాళ్లమ్మ గొంతుతో, ఆవిడ యాసతో అన్నారు. అని నవ్వారు, కళ్లు తుడుచుకున్నారు. నేనూ నవ్వి, తల వంచుకుని రాసుకున్నాను.

పెద్దకర్మ అయిన మర్నాడు ఆంటీ కబురు చేశారు. "మా అత్తగారు చెప్పిన మాట ఏదో ఉందట కదమ్మా. చెప్పమంటే, 'పిల్ల రాస్తోంది, అంతా ఒకేసారి చదువుకుందువుగాని' అనేవారు. అది చదువు."

వాళ్లబ్బాయి కూడా వచ్చి కూర్చున్నాడు. ఇక్కడే పుట్టి పెరిగినవాడు, తెలుగు అర్థమవుతుంది.

నోటుబుక్ తెరిచాను. ఆ పేజీలో ఉన్నది ఇంతే: హీ టోల్డ్ హర్ నాట్ టు వర్రీ.

చదివాను.

"సరే. తెలుగులో ఏమన్నారు?" అని అడిగారు ఆంటీ.

ఆ నవ్వు గుర్తుంది. గోడ సున్నం ఆయన చొక్కా భుజానికి అంటుకోవడం గుర్తుంది. మాట లేదు. దాన్ని విన్నవాళ్లలో మిగిలింది నేనొక్కదాన్నే, నా దగ్గరా లేదు.

"దిగులుపడొద్దని... అలాంటిదే, ఆంటీ."

"దట్స్ బ్యూటిఫుల్" అన్నాడు వాళ్లబ్బాయి. "థాంక్యూ."

ఆంటీ ఇంకా ఏదో వస్తుందన్నట్టు నా నోటి వంకే చూస్తూ కూర్చున్నారు.